పన్ను పీకుట ఉచితము, పన్ను నిలుపుట ఖరీదు

పండ్లున్ననాడు శనగలు లేవు, శనగలు దొరికిననాడు పండ్లు లేవు అను సామెత ఉర్దూలోను తెలుగులోను సమానముగా వినవచ్చుచుండును. మా కళాశాలలో ఈ రెండు భాషలవారును ఒకే బల్లమీద కూర్చుందురు గనుక సామెత ఎవరి సొత్తో తేల్చు పని మేము పెట్టుకొనలేదు. చెప్పిన పెద్దలు ముసలితనమును దృష్టిలో నుంచుకొని చెప్పినారు. కాని నేడు ఇరువదియేండ్లు నిండని విద్యార్థుల నోళ్ళలో సైతము దవడపన్ను పోయిన సందులు కనబడుచున్నవి. ఆ సందులు ఎట్లేర్పడుచున్నవో, వాని వెనుక గల జమాఖర్చు ఏమో ఈ సంచిక పాఠకుల ముందు, ముఖ్యముగా కళాశాల కమిటీ పెద్దల ముందు ఉంచదలచితిమి.

మన భాషలో పన్ను అను మాటకు రెండర్థములున్నవి. ప్రభుత్వమునకు కట్టునది ఒకటి, నోటిలో నుండునది మరియొకటి. మొదటిదానిని గడువు దాటించినచో అపరాధరుసుము పడును. రెండవదాని సంగతియు అంతియే. పంటిపైని గట్టిపొరమీద చిన్న నల్లచుక్కగా ఆరంభమైన పుచ్చు లోపలి పొరలకు దిగువరకు నొప్పి తెలియనీయదు. ఆ దశలో వైద్యుని యొద్దకు పోయినచో పుచ్చును తొలిచి, సిమెంటు నింపి, అరగంటలో పంపివేయును. ప్రైవేటు వైద్యశాలలోనైనను అందులకు కొన్ని వందలు, మహా అయిన వేయి రూపాయల పైచిలుకు అగును. నొప్పి లేదు గదా యని ఊరకున్నచో పుచ్చు నరము వరకు పోవును. అప్పుడు రూట్ కెనాల్ చేయింపక తప్పదు. ఎక్స్‌రేలు, రెండు మూడు పర్యాయములు తిరుగుట, కడపట దానిమీద క్యాపు, ఇవన్నియు కలిసి ఐదారువేలు మొదలు పదివేలు దాటవచ్చును. అంత పెట్టలేనివాడు పన్ను పీకించుకొనును. పీకించుటతో ఖర్చు తీరినదని అతడు సంతోషించును గాని తీరదు. ఖాళీయైన చోటికి ప్రక్కపన్ను ఒరుగును. ఎదుటి దవడలోని పన్ను నానాటికి ఆ సందువైపు జారును. నములుట ఒక ప్రక్కకే పరిమితమగును. ఆ సందును ఇంప్లాంటుతో పూడ్పించుకొనవలెనన్న ఒక్క పంటికి ఇరువదివేలు, అంతకు మించియు అడుగుదురు. గోటితో పోవుదానికి గొడ్డలి తెచ్చుకొనుట యనగా ఇదియే.

ప్రభుత్వ ఆసుపత్రులు లేవా యని అడుగువారుందురు. ఉన్నవి. హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి చెంత గల ప్రభుత్వ దంతవైద్య కళాశాల 1959లో నెలకొన్నది. అరువదియేండ్లకు పైబడి బీదసాదల నోళ్ళను చూచుచున్న సంస్థ అది. మేము ఆక్షేపించునది ఏ యొక్క ఆసుపత్రిని గాని, అందు పనిచేయు వైద్యులను గాని కాదు. ఉచితము అను మాటను.

ఒక తాపీమేస్త్రీని తీసికొందము. దినకూలి ఏడెనిమిది వందలు అనుకొందము. రాత్రియంతయు దవడ పట్టుకొని కూర్చుండి, తెల్లవారగనే ప్రభుత్వాసుపత్రికి పోవును. చీటీకి వరుస, చూపించుకొనుటకు వరుస, ఎక్స్‌రేకు మరియొక వరుస. ఆనాటి కూలి పోయినది. పన్ను నిలుపవచ్చును, నాలుగుమార్లు రావలసియుండునని డాక్టరు చెప్పును. నాలుగుమార్లనగా నాలుగు దినముల కూలి, అనగా మూడువేల రూపాయలు. మేస్త్రీ ఒక్క నిమిషము ఆలోచించి, “పీకివేయండి సార్” అనును. పీకుట ఒక్కపూటలో తీరును. డాక్టరు చెప్పిన వైద్యము ఉచితమే, మేస్త్రీ చేసిన లెక్కయు సరియే. ఆ రెండింటి నడుమ ఒక మంచి పన్ను పోయినది. తెలంగాణములో 2023 డిసెంబరు మొదలు స్త్రీలకు ఆర్టీసీ బస్సులలో ఛార్జీ లేదు. కనుక ఆ మేస్త్రీ భార్యకే నొప్పి వచ్చినచో బస్సు ఖర్చు తప్పును, కూలి మాత్రము తప్పదు. ఇక పల్లెలవారి మాట చెప్పనక్కరలేదు. ప్రాథమిక ఆరోగ్యకేంద్రములో జ్వరమునకు మందు దొరకును, పాముకాటునకు సూది దొరకవచ్చును. దంతవైద్యుడు, అతని కుర్చీ సాధారణముగా అచట నుండవు. పంటికొరకు పట్టణమునకు పోవలసినదే.

విద్యార్థికి కూలి లేకపోవచ్చును గాని హాజరు ఉన్నది. మా తరగతులలో సాయంకాలము దుకాణములలో పనిచేసి ఫీజు కట్టుకొనువారు తక్కువమంది కారు. ఉదయము తరగతి, సాయంకాలము కొలువు. నాలుగుమార్లు ఆసుపత్రికి పోవు తీరిక వారికెక్కడిది? ప్రయోగపరీక్షల నాళ్ళలో దవడ వాచి, ఒక కంటికి నీరు కారుచు కూర్చుండి వ్రాసినవారిని మేమెరుగుదుము. ఇంటిలో అమ్మీ లవంగమునూనె దూదితో అద్దును, మందుల దుకాణమువాడు నొప్పి బిళ్ళలిచ్చును. నొప్పి అణగును. పుచ్చు మాత్రము తన దారిన తాను పోవుచునే యుండును.

ప్రైవేటు దంతవైద్యులను దోపిడీదారులని తేలికగా అనువారితో మేము ఏకీభవింపలేము. దంతవైద్యుడు చీటీమీద మందు వ్రాసి పంపువాడు కాడు. ప్రతి రోగికి అరగంట, ముప్పావుగంట తన చేతులతో పని చేయవలెను. కుర్చీ, గాలియంత్రము, పనిముట్లను ఆవిరిలో శుద్ధిచేయు యంత్రము, దిగుమతి సామగ్రి, క్యాపులు పోతపోయు ప్రయోగశాల, ఇవన్నియు అతని నెత్తిమీది ఖర్చులే. అయిదేండ్ల చదువునకు ప్రైవేటు కళాశాలలో లక్షలు పోసి, అప్పుతో బయటపడినవారును వారిలో నున్నారు. కాని ఒక్క మాట అనక తప్పదు. ఒకే పంటిని చూచి ఒకచోట పీకవలెననియు, మరియొకచోట పదివేలతో నిలుపుదుమనియు, మూడవచోట ఆరువేలు చాలుననియు చెప్పినప్పుడు సామాన్యుడు ఎవరిని నమ్మవలెను? హోటలులో టీ ధర గోడమీద వ్రాసియుండును. పంటి ధరను మాత్రము మన చొక్కా చూచి చెప్పినట్లు తోచును. ఏ పనికి ఎంతో తెలుగులోను ఉర్దూలోను గోడమీద వ్రాసి పెట్టుటకు ఏ వైద్యునికిని నష్టము లేదు.

విచిత్రమేమనగా దేశములో దంతవైద్యులకు కరవు లేదు. దంతవైద్య కళాశాలలు మూడు వందలకు పైగా నున్నవి. పట్టభద్రులలో అధికులు నగరములలోనే నిలిచిపోవుచున్నారు. ఒకే వీధిలో నాలుగు బోర్డులు వెలయును, నాలుగింటిలోను కుర్చీలు సగము ప్రొద్దు ఖాళీగా నుండును. అదే వీధి చివర గుడిసెలలో పుచ్చిపండ్లకు లోటుండదు. ఖాళీ కుర్చీని పుచ్చిపంటిని కలుపు వంతెన లేదు.

ప్రభుత్వ పథకములు ఆ వంతెన కావా? 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ బీదలకు పెద్ద ఆసుపత్రుల తలుపులు తెరచినది. 2018లో కేంద్రప్రభుత్వము ఆయుష్మాన్ భారత్ క్రింద కుటుంబమునకు ఏటా ఐదు లక్షలవరకు వైద్యము కల్పించినది. ఇవి గొప్ప మేలు చేసినవని ఒప్పుకొందుము. కాని వీని మూలసూత్రము ఆసుపత్రిలో చేరి పడుకొనిన రోగికి సహాయము చేయుట. పన్ను నొప్పితో ఎవడును పడకమీద చేరడు. కుర్చీలో కూర్చుండి లేచి పోవును. గుట్కా, జర్దా నమలి నోటిలో తెల్లమచ్చ తెచ్చుకొన్న యువకుని చూడుడు. కొందరికి దవడలు బిగిసి, రెండు వ్రేళ్ళు పట్టునంతకూడ నోరు తెరువబడదు. ఆ దశలో అతనిని పిలిచి, నోరు చూచి, అలవాటు మాన్పించు మనిషి ఊరిలో లేడు. ఆ మచ్చ పుండై, క్యాన్సరై, దవడ కోయవలసి వచ్చినప్పుడు పథకము లక్షలు చెల్లించును. 2014లో జాతీయ దంతారోగ్య కార్యక్రమమని ఒకటి కేంద్రము ఆరంభించినది. ఉద్దేశ్యము మంచిది. అది మన వీధి చివరి గుడిసె వరకు నడచి రావలసియున్నది.

ఇది మన దేశపు బీదతనమే యనుకొనరాదు. సంపన్నమైన ఇంగ్లండులో 1948 జూలైలో జాతీయ ఆరోగ్యసేవ నెలకొన్నప్పుడు దంతవైద్యము, కట్టుడుపండ్లు సహితము ఉచితమే. ఏండ్ల తరబడి నొప్పి దిగమ్రింగుకొనియున్న జనము వెల్లువగా వచ్చి పడినారు. ఖర్చు అంచనాలు మించినది. 1951లో ప్రభుత్వము కట్టుడుపండ్లమీద, కండ్లజోళ్ళమీద రుసుము పెట్ట నిశ్చయింపగా, ఆరోగ్యమంత్రిగా ఆ సేవను నిర్మించిన అన్యూరిన్ బెవాన్ మంత్రిపదవినే విడిచినాడు. రుసుము మాత్రము ఆగలేదు. నేటికిని ఇంగ్లండులో పెద్దలకు దంతవైద్యము మూడు అంచెల రుసుముమీద నడచుచున్నది. పరదేశములలో కొలువు చేయు మన బంధువులు సెలవులకు వచ్చినప్పుడు పెండ్లి విందులతోపాటు పండ్ల పనికూడ ముగించుకొని పోవుటలోని రహస్యము ఇదియే. మనకు భారమైన ధర వారికి చౌక. ఖజానాకు ఇరుకు వచ్చినప్పుడు మొదట కత్తి పడునది పంటిమీదనే. కనుక ప్రభుత్వము చేయువరకు చేతులు ముడుచుకొని కూర్చుండుట మాకు తగినదిగా తోచదు.

కూర్చున్నచో ఏమగునో కాలిబాటమీద చూడవచ్చును. గోనెపట్టామీద పండ్ల వరుసలు పరచి, వందో రెండువందలో తీసికొని పన్ను పీకి, తీగతో కట్టుడుపన్ను బిగించి పంపువారు మన నగరములనుండి పూర్తిగా మాయము కాలేదు. 1948 దంతవైద్యుల చట్టము ప్రకారము నమోదు లేనివారు ఈ పని చేయరాదు. పండ్లూడగొట్టుకొనుటకు ఏ రాయి యైననేమి అని నవ్వుదుము గాని, ఒకరి నోటిలోని పనిముట్టును నీళ్ళలో ముంచి మరియొకరి నోటిలో పెట్టుటవలన కామెర్ల క్రిములు సంక్రమించుట నవ్వులాట కాదు. అక్కడ కూర్చుండువారు అజ్ఞానులు కారు. వారును ఆ మేస్త్రీ చేసిన లెక్కనే చేసినవారు.

ఇట్టి సందర్భమున డాక్టరు రఫీయుద్దీన్ అహ్మదు గారిని స్మరింపక ఉండలేము. అలీగఢ్‌లో చదివి, అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయములో దంతవైద్యము నేర్చి, 1919లో స్వదేశమునకు వచ్చి, మరుసటి సంవత్సరము కలకత్తాలో దేశమున మొట్టమొదటి దంతవైద్య కళాశాలను స్థాపించినారు. ధనము చాలక న్యూయార్క్ సోడా ఫౌంటెన్ అను ఐస్‌క్రీము దుకాణము నడపి, దాని రాబడితో కళాశాలను పోషించినారు. తీపి అమ్మిన సొమ్ముతో తీపి చేసిన చేటును బాగుచేయు విద్య నేర్పుట వినుటకు వింతగా నుండును గాని, ఆయన ఎవరి ఉత్తరువుకొరకును వేచియుండలేదు. 1949లో కళాశాలను ప్రభుత్వమునకు అప్పగించినారు. 1964లో పద్మభూషణ పురస్కారము వారిని వరించినది.

కమిటీవారిని కళాశాల కట్టుమని మేము కోరుట లేదు. కోరునది మిక్కిలి స్వల్పము. ప్రతి సంవత్సరము ప్రవేశములు ముగిసిన నెలలోపల విద్యార్థులందరి పండ్లను పరీక్ష చేయింపవలెను. ప్రతి దంతవైద్య కళాశాలలోను ప్రజాదంతారోగ్య విభాగమొకటి యుండును. శిబిరములు నడపుట ఆ విభాగపు విధి. విద్యార్థులకు పని నేర్పుటకు రోగులు కావలెను గనుక ఆ కళాశాలల ఆసుపత్రులలో రుసుములును తక్కువ. ఒక జాబు వ్రాసినచో వారు వచ్చెదరు.

అయితే శిబిరముతో పని ముగిసినదనుకొను ఆచారము మాకు ఇష్టము లేదు. మేము చూచిన శిబిరములలో నోరు తెరువుమందురు, పుచ్చు ఉన్నదందురు, చిన్న టూత్‌పేస్టు గొట్టమొకటి చేతిలో పెట్టి ఛాయాచిత్రము తీయుదురు. పుచ్చు ఉన్నదని ఆ కుర్రవానికి మునుపే తెలియును. కావలసినది మరుసటి వారము దానిని పూడ్పించు ఏర్పాటు. పరీక్షలో తేలిన చిన్న పుచ్చులను పూడ్పించుటకు ఒక దంతనిధి నెలకొల్పి, విద్యార్థులు పదులుగా కలిసి పోవునట్లు రెండు దినముల హాజరు మినహాయించినచో చాలును. పెద్ద వైద్యములను భరింపుమని అడుగుట లేదు. వార్షికోత్సవమున దీపాలంకరణకు, శాలువలకు, అతిథుల విందునకు అయ్యెడు ఖర్చులో నాలుగవవంతు ఇందులకు మరల్చినను కొన్ని పదుల పండ్లు నిలుచును.

విద్యాలయమునకు వైద్యముతో పనియేమి యను ప్రశ్న రావచ్చును. వ్యాయామమునకు ఉపాధ్యాయుని నియమించిన విద్యాలయము పంటికి మాత్రము ఎట్లు పరాయిదగును? వేపపుల్ల, మిస్వాకు ఉండగా ఇన్ని హంగులెందుకని పెద్దలు కొందరు అనవచ్చును. మేమును వానిని గౌరవింతుము. మిస్వాకు వాడుకను 1986లో ప్రపంచ ఆరోగ్యసంస్థయు ప్రోత్సహించినది. కాని పుల్ల పుచ్చును రాకుండ కాపాడును గాని వచ్చినదానిని పూడ్చదు. పైగా మన తాతలు రోజుకు నాలుగు కప్పుల ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లతో గడపినవారు కారు. మేము గడపుచున్నాము. ఆ మాటకు వచ్చినచో క్యాంటీనులో చక్కెర లేని చాయ్ కూడ దొరకునట్లు చేయుట కమిటీకి పైసా ఖర్చు లేని పని.

ఈ కోరికలతో ఒక వినతిపత్రము సిద్ధమై గ్రంథాలయములో, వార్తాపత్రికల బల్లమీద, రెండు భాషలలోను ఉన్నది. సంతకము చేయగోరువారు పరీక్షల సెలవులకు ముందే చేయవలెను. వేసవిలో జరుగు కమిటీ సమావేశమున వచ్చే సంవత్సరపు బడ్జెట్టు నిశ్చయమగును.