పళ్లెం కంటే ముందు సరుకుల చీటీ మార్చండి

ఏం తినాలో, ఎంత తినాలో కాగితం మీద రాసి ఇవ్వడం మా డాక్టర్లకు అలవాటు. నిరుడు ఓపీలో ఒక పెద్దావిడ ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ‘‘మేడమ్, మీ ఇంట్ల గూడ ఇట్లనే తూకమేసి తింటరా?’’ అని అడిగింది. నవ్వేసి తర్వాతి పేషెంటును పిలిచాను. కానీ ఆ ప్రశ్న నాతోపాటే రామంతాపూర్‌లోని మా ఇంటిదాకా వచ్చింది. ఎందుకంటే నిజమైన జవాబు ‘లేదు’. పైగా అంతకు కొద్దివారాల ముందే నా హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చింది. అంటే మధుమేహం గడప దాకా వచ్చి నిలబడింది.

నేను రాసిచ్చే కాగితంలో ఉన్నది విదేశీ డైట్ కాదు. మా ఇంటి నుంచి హబ్సిగూడ దాటి కాస్త ముందుకు పోతే తార్నాకలో కనిపించే జాతీయ పోషకాహార సంస్థ (ఎన్‌ఐఎన్) చెప్పినదే. 1918లో కూనూరులో బెరిబెరి వ్యాధిపై పరిశోధనతో మొదలై, 1958లో హైదరాబాద్‌కు వచ్చిన సంస్థ అది. ఐసీఎంఆర్ కింద పనిచేసే ఈ సంస్థ 2024 మే నెలలో 17 సూత్రాలతో కొత్త ఆహార మార్గదర్శకాలను విడుదల చేసింది. దేశంలో మొత్తం వ్యాధుల భారంలో 56.4 శాతానికి సరైన తిండి లేకపోవడమే కారణమని అందులో అంచనా వేశారు.

రోజుకు 2000 కిలో క్యాలరీలు కావలసిన మనిషికి అది చెప్పే లెక్క ఇది: బియ్యం, గోధుమలు, జొన్నల వంటి ధాన్యాలు 250 గ్రాములు. పప్పులు, గుడ్లు, మాంసం కలిపి 85 గ్రాములు. ఆకుకూరలతో కలిపి కూరగాయలు 400 గ్రాములు. పండ్లు 100 గ్రాములు. పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు. గింజలు 35 గ్రాములు. నూనె 27 గ్రాములు. ఇవన్నీ వండకముందు తూకాలు.

నాలుగు రోజుల ముచ్చట

ఒక చిన్న తూకం మిషన్ కొని మొదలుపెట్టాం. ఇంట్లో నలుగురం: నేను, మా వారు, ఇంటర్ చదివే మా బాబు, అత్తమ్మ. పొద్దున్నే ఓపీకి పరుగెత్తాల్సిన మనిషి నలుగురికి బెండకాయలు తూచి, పప్పు తూచి, నూనె తూచి వండటం ఎన్నాళ్లు సాగుతుంది? ‘‘తూకం బియ్యం కొన్నప్పుడు చూసిన గానీ, తినేటప్పుడు చూడలే బిడ్డా’’ అంది అత్తమ్మ. నాలుగో రోజుకు మిషన్ అటక ఎక్కింది.

ఆమె మాటలోనే దారి దొరికింది. తినేటప్పుడు కాదు, కొనేటప్పుడే చూడాలి. ఇంట్లోకి రాని నూనె కూరలోకి రాదు. అందుకే రోజు లెక్కను నలుగురికి, 30 రోజులకు హెచ్చవేసి, మా కిరాణా చీటీ పక్కన పెట్టి చూశాను.

ధాన్యాలు నెలకు 30 కిలోలు చాలు. మా ఇంట్లోకి 26 కిలోల బియ్యం బస్తా, 5 కిలోల గోధుమపిండి, రవ్వ, అటుకులు, బ్రెడ్డు, బిస్కెట్లు అన్నీ కలిసి 35 కిలోలు దాటుతున్నాయి. నూనె మూడున్నర లీటర్లు చాలు. మేం కొంటున్నది ఆరు లీటర్లు. ఉప్పు మనిషికి రోజుకు 5 గ్రాములు మించకూడదు. అంటే నలుగురికి నెలకు 600 గ్రాములు. మాకు కిలో ప్యాకెట్ అయిపోతోంది. ఆవకాయలో ఉన్నది ఆ లెక్కలోకి రానే లేదు. ఇక పప్పులు, గుడ్లు, మాంసం కలిపి పది కిలోలు కావాలి. కంది, పెసర, మినప, శనగ అన్నీ కలిపినా మేం తెస్తున్నది ఐదున్నర కిలోలే. గుడ్లు, ఆదివారం చికెన్ వేసుకుంటే ఎలాగో సరిపోతుంది. కూరగాయలు వారానికి 11 కిలోలు రావాలి. వస్తున్నవి ఐదు. బంగాళాదుంపను నేను కూరగాయల్లో లెక్కించలేదు.

అత్తమ్మకు ఇంత అక్కర్లేదు, మా బాబుకు ఇది చాలదు. కాబట్టి ఇది సగటు లెక్క మాత్రమే. అయినా మా ఇంటి రోగం ఎక్కడుందో చూపించడానికి చాలు. మీ చీటీ కూడా ఒకసారి తీసి చూడండి.

ఏం మారింది, ఏం మారలేదు

నూనె తేలిక. నెల మొదట నాలుగు లీటర్లే తెచ్చాం. ‘ఇది అయిపోతే మళ్లీ ఒకటో తారీకే’ అనుకున్నాం. మొదటి నెల 24వ తేదీకే అయిపోయింది, రెండో నెల 30 దాకా వచ్చింది. బియ్యానికి రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పే కొలత. నిండుగా పోస్తే సుమారు 150 గ్రాములు పడుతుంది. అంటే ఒక మనిషికి రోజు మొత్తానికి రెండు కప్పులు కూడా రావు. ఇడ్లీ, చపాతీ కూడా అందులోనే. ఈ లెక్క చూశాక రాత్రి అన్నం తగ్గించి, పెసర గుగ్గిళ్లో గుడ్డో పెట్టుకుంటున్నాం. బాదం, పిస్తా మా బడ్జెట్‌కూ బరువే. పల్లీ చట్నీ, నువ్వుల పొడి ఆ పని చేస్తాయి. యాపిల్ బదులు జామకాయ. భోజనానికి గంట ముందూ గంట తర్వాతా టీ, కాఫీ వద్దన్నది పైసా ఖర్చు లేని సూత్రం. తిండిలోని ఇనుము ఒంటికి పట్టాలంటే ఇది పాటించాలి.

కష్టమైనది కూరగాయలు. డబ్బు వల్ల కాదు. రోజుకు కిలోన్నర పైగా కడిగి, తొక్క తీసి, తరగాలి. తోటకూర ఒలవడానికే అరగంట. ఆ అరగంట ఎవరిది? రెండు వారాలు నేనూ అత్తమ్మా లాగాం, తర్వాత చేతులెత్తేశాం. ఇప్పుడు రాత్రి టీవీ ముందు మా వారు, బాబు కూరలు తరిగి డబ్బాల్లో పెడుతున్నారు. వారానికి 8 కిలోల దాకా వచ్చాం, 11 ఇంకా రాలేదు. 17 సూత్రాల పుస్తకానికి మా ఇంట్లో మేం 18వది చేర్చుకున్నాం: తినేవాళ్లంతా తరగాలి. ఇంటి ఆరోగ్యం మొత్తం ఒక్క ఆడమనిషి నెత్తిన పెడితే ఏ మార్గదర్శకమూ నెల దాటదు.

ఓడిపోయిన రోజులూ ఉన్నాయి. పెళ్లిళ్ల సీజన్లో లెక్క తప్పాం. నైట్ డ్యూటీలో బిర్యానీ వచ్చిన రోజు నేనే తప్పాను. ఆరు నెలల తర్వాత నా హెచ్‌బీఏ1సీ 5.8కి దిగింది. ఒక్క మనిషి ఫలితం రుజువు కాదు, పైగా అదే సమయంలో నడక కూడా మొదలుపెట్టాను. అయినా ఓపీలో కాగితం ఇచ్చేటప్పుడు ఇప్పుడు తల దించుకోవడం లేదు.

ఒక్క విషయం మాత్రం గుచ్చుకుంటూనే ఉంది. ఇవన్నీ నేను చేయగలిగాను, ఆ పెద్దావిడ చేయగలదా? 2025 ఏప్రిల్ నుంచి మన రాష్ట్రంలో రేషన్ కార్డుపై మనిషికి నెలకు 6 కిలోల సన్న బియ్యం ఉచితంగా ఇస్తున్నారు, మంచిదే. మార్గదర్శకాల ప్రకారం నెలకు కావలసిన ధాన్యం ఏడున్నర కిలోలు. అంటే అందులో నాలుగొంతులు రేషన్ దుకాణమే తీరుస్తోంది. మరి ఆ అన్నంలోకి పప్పో? సంచిలో తలా ఒక కిలో కందిపప్పు కూడా పడితే, నేను రాసిచ్చే కాగితం కంటే అదే పెద్ద మందు. మార్గదర్శకాలు ప్రభుత్వానివైనప్పుడు, రేషన్ దుకాణం కూడా అదే మాట చెప్పాలి.

మీరు మాత్రం వచ్చే ఒకటో తారీకు దాకా ఆగి, చీటీలో మూడు మార్పులు చేయండి: ఒక నూనె ప్యాకెట్ తగ్గించండి, రెండు కిలోల పప్పు పెంచండి, కూరల సంచి పెద్దది తీసుకెళ్లండి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, ఇన్సులిన్ తీసుకునేవాళ్లు ముందు తమ డాక్టర్‌ను అడగాలి. ‘మీరూ ఇట్లనే తింటరా’ అని కూడా అడగండి. అడిగితేనే మాకూ బుద్ధి వస్తుంది.