ముందు బూడిద ఎత్తండి
పళ్లిపట్టు, పూండి మీదుగా వచ్చే కుశస్థలి నది ఎన్నూరు ఉప్పుటేటి గుండా సముద్రాన్ని చేరుతుంది. అక్కడి మడచెట్ల వేళ్ల సందుల్లోనే రొయ్య పిల్లలు, చేప పిల్లలు పెరుగుతాయి. థర్మల్ కేంద్రాల బూడిద ఆ ఏటిని పూడ్చింది, వలకు చేప కరువైంది. అది చాలదన్నట్టు తిరువళ్లూరు జిల్లా కాట్టుపల్లి రేవును 330 ఎకరాల నుంచి దాదాపు 6,110 ఎకరాలకు పెంచే ప్రతిపాదన వచ్చింది. పులికాట్ దాకా జాలరి పల్లెలు ఎదురుతిరిగాయి; 2021లోనూ 2023లోనూ తలపెట్టిన ప్రజాభిప్రాయ సేకరణ జరగలేదు. ఈ జాలరులను అభివృద్ధికి అడ్డమనడం అన్యాయం. గట్టున అడవి నరికితే మట్టి కొట్టుకొచ్చి సాల్మన్ గుడ్లు చస్తాయని అమెరికా పడమటి తీరవాసులు పోరాడలేదా? వీళ్లడిగేదీ అదే: చేప పిల్లలు పెరిగే చోటును చెడగొట్టొద్దని. విస్తరణ ప్రతిపాదన పూర్తిగా వెనక్కి తీసుకోండి. ఏటిలోని బూడిద తీయించి, మళ్లీ మడ నాటించండి.