పాతాళమున మెలిపడు గొట్టము

గోదావరి పాయల నడుమ, కోనసీమ కొబ్బరితోటల శిరస్సుల మీదుగా రిగ్గు శిఖరము కానవచ్చినప్పుడు, బాటసారి చూపు ఆ యినుప గోపురముమీదనే నిలుచును గాని, దాని క్రింద మూడు నాలుగు వేల మీటర్ల లోతున వ్రేలాడుచు, తిరుగుచు, వంగుచు పనిచేయు డ్రిల్ పైపుల వరుస అతని యూహకు అందదు. ఇంచుమించు 9 మీటర్ల పైపులను ఒకదానికొకటి మరలతో బిగించి, అడుగు కొసకు బిట్టు తగిలించి దింపిన యీ పరంపరయే డ్రిల్ స్ట్రింగు. 4,000 మీటర్ల బావిలోని 5 అంగుళముల పైపును తలవెండ్రుకంత సన్నముగా కుదించి చూచితిమేని, దాని పొడవు రెండు మీటర్లకు మించియుండును. అట్టి వెండ్రుక పై కొసను పట్టి త్రిప్పి, క్రింది కొసతో బండను తొలుచుటయే యీ విద్య.

పైన యంత్రము ఏకవేగముతో త్రిప్పినంత మాత్రమున క్రింద బిట్టును అట్లే తిరుగునని తలంచుట పొరపాటు. బండ పట్టుకొనగా బిట్టు ఆగును. పైన త్రిప్పుట ఆగదు గనుక, గొట్టము త్రాటివలె పురిపడి, కొన్ని చుట్ల మెలికను తనలో దాచుకొని, ఆ బిగువు బండ పట్టును మించిన క్షణమున విడివడి, పైవేగమునకు రెండు మూడు రెట్ల వేగముతో బిట్టును విసరివేయును. దీనినే స్టిక్-స్లిప్ అందురు. ఈ కుదుపు ఉక్కులో తరంగమై సెకనుకు సుమారు 3,000 మీటర్ల చొప్పున ప్రాకివచ్చును గనుక, డ్రిల్లరుకు వార్త అందుసరికే సెకనుకు పైగా గడచిపోవును.

ఈ గొట్టములు బరువునకు ఎట్లు వంగిపోవునో 1950లో ఆర్థర్ లుబిన్‌స్కీ గణితముతో విశదపరచెను. వంకర బావులలో ఘర్షణవలన పెరుగు టార్కును (మెలిత్రిప్పు బలమును), ఈడ్పును లెక్కించు పద్ధతిని జొహాన్సిక్ ప్రభృతులు 1984లో ప్రకటించిరి. ఆ యేడే సోవియట్ దేశపు కోలా బావిలో 12,000 మీటర్లు దాటిన పిమ్మట 5 కిలోమీటర్ల గొట్టము తెగి లోననే మిగిలిపోగా, 7,000 మీటర్లనుండి మరల త్రవ్వవలసి వచ్చెను. నేడు సిమ్యులేషను పేర, బావిని ముందుగా కంప్యూటరులోనే త్రవ్వి చూచు సౌకర్యము కలిగినది. ఇది గొప్ప మేలు, సందేహము లేదు.

అయితే ఆ లెక్కలో ఘర్షణ గుణకమని 0.2, 0.3 అను చిన్న సంఖ్య యొకటి యుండును. బావిలో త్రిప్పు బురద (మడ్డు) జారుదనము, బావి గోడల వంకర, పైకి రాక అడుగున పేరుకొనిన రాతిపొడి, ఇవన్నియు ఆ యొక్క సంఖ్యలోనే తలదాచుకొనును. నిన్న కొలిచిన గొట్టపు బరువుతో కంప్యూటరు గీత సరిపోవువరకు ఆ సంఖ్యను సవరించి, రేపటి లోతునకు అదియే ప్రమాణమని నమ్ముట నాకు సమ్మతము కాదు. నిన్న కొట్టుకొనిపోయిన రాతిపొడి రేపు పేరుకొనవచ్చును గదా! 1995 జనవరిలో కోనసీమలోని పాశర్లపూడి బావిలో ఎగసి, రెండు నెలలకు పైగా ఆరని మంట గొట్టపు మెలికవలన పుట్టినదని నేననను. కాని ఆ వేడిమి నెరిగిన పల్లెల నడుమ త్రవ్వు ప్రతి బావి విషయమునను, తెరమీది గీతకు కొలతల సాక్ష్యము కావలెనని అడుగు హక్కు మనకు కలదు.

కాకినాడలోను విశాఖపట్టణములోను పెట్రోలియము ఇంజనీరింగు చదువు పిల్లలు పాఠ్యపుస్తకపు బావులతో సాధన చేయుచున్నంతకాలము ఆ సాక్ష్యము చెప్పగలవారు మనలో పెరుగరు. ఇచ్చటి పాత బావుల టార్కు, హుక్ లోడు (కొక్కెముపై పడు బరువు) నమోదులను వారికి విప్పి చూపవలయును. ఇరువదేండ్లు రిగ్గుమీద నిలిచిన డ్రిల్లరును తరగతికి పిలిచి, ఏ వణుకునకు తాను బరువు తగ్గించెనో, ఏ వణుకునకు వేగము పెంచెనో చెప్పింపవలయును. తెగిన పైపు ముక్కయు, అది తెగదని ముందునాడు చెప్పిన లెక్కయు ఒకే బల్లమీద వారి యెదుట నుంచవలయును.