కౌలు బాకీ పడితే పొలం లాక్కోవచ్చా?

'కౌలు కట్టలేదు, రేపట్నుంచి పొలంలో దిగొద్దు' అని భూస్వామి అన్నంత మాత్రాన అది చట్టమైపోదు. భావనపాడు చుట్టుపక్కల ఊళ్లలో ఈ మాట ఇప్పుడు గట్టిగా చెప్పుకోవాలి. భావనపాడు పేరుతో ప్రతిపాదించిన పోర్టుకు 2023 ఏప్రిల్ 19న మూలపేటలో శంకుస్థాపన జరిగింది. అప్పట్నుంచి సంతబొమ్మాళి మండలంలో భూమి అంటే పంటే కాదు, పరిహారం కూడా.

సెంటు భూమి లేని దళిత కుటుంబానికి నోటిమాట కౌలే ఆధారం. 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ లాంటి తుపాను వస్తే పంట పోతుంది, కౌలు బాకీ మాత్రం మిగులుతుంది.

అప్పుడు భూస్వామికి చట్టం చూపే దారులేమిటి? బాకీ కోసం 3 ఏళ్లలోపు సివిల్ కోర్టులో దావా వేయొచ్చు. ఇచ్చిన చెక్కు బౌన్స్ అయితే, బ్యాంకు చెప్పిన 30 రోజుల్లో నోటీసు ఇచ్చి, చెల్లించడానికి 15 రోజులు ఆగి, ఆ తర్వాత నెలలోపు కేసు పెట్టొచ్చు. భూమి ఖాళీ చేయించాలన్నా విచారణ జరగాల్సిందే. 1956 నాటి ఆంధ్ర కౌలుదారీ చట్టం కూడా గడువు దాటి నెల గడిచాకే బాకీని తొలగింపుకు కారణంగా ఒప్పుకుంది.

అరక ఆపడం, నీళ్లు కట్టేయడం, కోసిన చేను ఎత్తుకుపోవడం ఈ దారుల్లో లేవు. కౌలు గడువు ముగిసినా చట్టప్రకారం తప్ప బలవంతంగా ఖాళీ చేయించకూడదని సుప్రీంకోర్టు 1989లో కృష్ణ రామ్ మహాలే కేసులో చెప్పింది. అలా గెంటేస్తే 6 నెలల్లోపు స్వాధీనం కోసం దావా వేయొచ్చు. దళితుల భూమి హక్కులకు అక్రమంగా అడ్డుపడినా, పంట నాశనం చేసినా, ఎత్తుకెళ్లినా ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 3(1)(జి) ఉంది. అయితే ప్రతి భూతగాదా అట్రాసిటీ కేసు కాదని 2020లో హితేష్ వర్మ తీర్పు చెప్పింది. కాబట్టి కులం పేరుతో ఏం జరిగిందో ఫిర్యాదులో స్పష్టంగా రాయించాలి.

ఇవన్నీ నిలబడాలంటే సాగు చేస్తున్నట్టు రుజువు కావాలి. చిక్కంతా అక్కడే. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం 11 నెలల ఒప్పందంతో కార్డు ఇస్తానంటుంది. కానీ యజమాని సంతకం తప్పనిసరి చేసింది. ఎవరి మీద హక్కు అడగాలో వాళ్ల దయ మీదే కార్డు ఆధారపడితే అది హక్కెలా అవుతుంది? 2013 భూసేకరణ చట్టం, సేకరణకు ముందు 3 ఏళ్లుగా సాగు చేస్తూ దానిమీదే బతికే కౌలుదారును కూడా బాధిత కుటుంబంగా గుర్తిస్తుంది. కాగితం లేనివాడు ఆ లెక్కలోకి ఎక్కడమే కష్టం.

బాకీ ఎగ్గొట్టమని మేం చెప్పడం లేదు. కౌలు కట్టిన ప్రతిసారీ రసీదు అడగండి, ఇవ్వకపోతే ఫోన్‌పేలోనో బ్యాంకులోనో వేయండి. విద్యార్థులు, కార్యకర్తలు ఊరూరా కౌలుదారుల జాబితా రాసి తహసీల్దారుకు ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోవాలి. యజమాని సంతకం లేకుండా, గ్రామసభ సాక్ష్యంతో కార్డు ఇవ్వాలన్నది మన డిమాండ్ కావాలి.