కారవాన్ కొనేముందు కాటా ఎక్కించండి

జూన్ మొదలయ్యేసరికి మస్కట్‌లో మన ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఆవకాయ ముచ్చట్లు వెనకబడి ఖరీఫ్ ముచ్చట్లు ముందుకొస్తాయి. కొత్తగా వచ్చినవాళ్ల కోసం చెబుతున్నాను. మన రైతులు అనే ఖరీఫూ, ఇక్కడివాళ్లు అనే ఖరీఫూ ఒకే అరబ్బీ మాట. ఇక్కడ మాత్రం అది జూన్ 21 నుంచి సెప్టెంబరు 21 దాకా సలాలా కొండల మీద కురిసే తుంపర కాలం. మిగతా ఒమాన్ అంతా పెనం మీద ఉన్నట్టుంటే అక్కడ పాతిక డిగ్రీలు, పచ్చిక, పొగమంచు, వాదీ దర్బాత్‌లో జలపాతాలు.

ఈమధ్య ఈ ముచ్చట్లలోకి కారవాన్ వచ్చి చేరింది. "హోటల్ రూములు దొరకవు, దొరికినా ఆ రేట్లు చూస్తే కళ్లు తిరుగుతాయి. మూడు కుటుంబాలం కలిసి ఒక సెకండ్‌హ్యాండ్ ట్రైలర్ కొనేస్తే పోలా వదినా?" అని మా పక్క ఫ్లాట్ ఆవిడ అడిగింది. ఆలోచన బాగానే ఉంది. పిల్లలు ఎగిరి గంతేశారు. మగవాళ్లు కారు ఎంత లాగగలదో లెక్కలు మొదలుపెట్టారు. మేం ముగ్గురం ఆడవాళ్లం ఒక శుక్రవారం సాయంత్రం అమ్మేచోటికి వెళ్లాం.

అక్కడ గమనించిన సంగతి మొదట చెప్పాలి. అమ్మే అతను మగవాళ్లకి బయట చక్రాలు, కొక్కెం చూపించాడు. మమ్మల్ని మాత్రం నేరుగా లోపలికి తీసుకెళ్లి, "భాభీజీ, కిచెన్ దేఖియే" అన్నాడు. మూడు బర్నర్ల స్టవ్వు, పెద్ద ఫ్రిజ్, పాలరాయిలా మెరిసే గట్టు, గోడకి బొగ్గు రంగు టైల్స్ అంటించినట్టున్న కాగితం. ఎవరికి ఏది చూపిస్తే పని అవుతుందో వాళ్లకి బాగా తెలుసు. ఆ మెరుపు వెనక ఏముందో, ఆ వంటింట్లో మనం పెట్టబోయే బరువు ఆ బండి మోస్తుందో లేదో మాత్రం ఎవరూ చెప్పరు. సామాను సర్దేది మనమే కాబట్టి ఈ లెక్క కూడా మన చేతిలోనే ఉండాలంటాను.

ప్రకటనలో "అల్ట్రా లైట్, 1650 కిలోలే" అని ఉంటుంది. అది ఖాళీ బరువు. ఫ్యాక్టరీ గేటు దాటినప్పటి బరువు. చాలాసార్లు అందులో తర్వాత బిగించిన ఏసీ, బ్యాటరీ, గ్యాస్ సిలిండర్ లెక్కే ఉండదు. మనకి కావలసింది రెండో అంకె, అంటే అన్నీ నింపాక ఆ బండి మోయగల మొత్తం బరువు. అమెరికా ట్రైలర్లకి ముందువైపు ఎడమ పక్కన బయట ఒక స్టిక్కరు మీద అది రాసి ఉంటుంది. తలుపు దగ్గర పసుపు రంగు స్టిక్కరు ఇంకొకటి, సామాను ఎన్ని కిలోలు మించకూడదో చెబుతుంది. ఆ స్టిక్కరు చింపేసి ఉంటే నేనైతే అక్కడి నుంచే వెనక్కి తిరుగుతాను.

ఉదాహరణకి మొత్తం బరువు 2000 కిలోలు అనుకుందాం. ఖాళీది 1650. మనకి మిగిలింది 350 కిలోలు. చాలా ఉన్నట్టే అనిపిస్తుంది. ఇప్పుడు సర్దుదాం. నీళ్ల ట్యాంకు 150 లీటర్లు, లీటరుకి కిలో, అంటే 150 పోయింది. కప్పు మీద ఏసీ 45. ఇంకో బ్యాటరీ, సోలార్ పలకలు కలిపి 45. గ్యాస్ సిలిండర్లు రెండు, 40. మడత కుర్చీలు, తివాచీ, బయట వేసుకునే పందిరి 35. అయిదుగురికి పక్కబట్టలు, సూట్‌కేసులు 40. కూడండి, 355. అప్పుడే అయిదు కిలోలు ఎక్కువైంది. ఇంకా బియ్యం బస్తా, కుక్కరు, టేబుల్‌టాప్ గ్రైండరు, తాగునీళ్ల సీసాల కట్టలు, పిల్లల సైకిళ్లు ఎక్కనేలేదు. మనవాళ్లు గ్రైండరు లేకుండా నాలుగు రోజులు ఉండలేరా అంటే ఉండగలరు. పిండి రుబ్బుకుని ఐస్ పెట్టెలో పెట్టుకోవచ్చు. కానీ ఆ ఐస్ పెట్టె కూడా బరువేగా!

బండి అంత తేలిక ఎలా అయిందో కూడా చూడాలి. బరువు తగ్గించాలంటే ఎక్కడో ఒకచోట కలప, ఇనుము తగ్గాలి. ఇప్పుడొచ్చే ట్రైలర్ల గోడలు ఎక్కువగా పొరలు అంటించినవి. బయట పల్చటి ఫైబర్‌గ్లాస్ రేకు, దాని వెనక అట్టముక్కంత ప్లైవుడ్, మధ్యలో థర్మోకోల్ లాంటి నురుగు. అన్నీ జిగురుతో అతికి నొక్కేస్తారు. చవకరకంలో చెక్క పుల్లల చట్రం మీద అల్యూమినియం రేకు కొట్టి ఉంటుంది. లోపల అలమరాలకి మరమేకులకి బదులు స్టేపుల్స్. ఈ పద్ధతులన్నీ చెడ్డవని అనను. తారురోడ్డు మీద, చల్లటి దేశంలో, ఏడాదికి నాలుగు వారాలు తిరగడానికి సరిపోతాయి. ఒమాన్‌లో మాత్రం ఎండ జిగురుని వదులు చేస్తుంది, సముద్రపు ఉప్పుగాలి చట్రాన్ని తినేస్తుంది, బీచ్‌లకి వెళ్లే కంకర దారులు స్టేపుల్స్ ఊడేదాకా కుదుపుతాయి. ఆ తర్వాత సలాలా తుంపర. కప్పు మీద అతుకుల దగ్గర రబ్బరు జిగురు పగిలి ఉంటే ఆ సన్నటి తుంపరే లోపలికి దిగి ప్లైవుడ్‌ని నానబెడుతుంది. నేల నాని, గోడ నాని, బయటి రేకు అప్పడంలా పొంగుతుంది. పొంగిన గోడని బాగుచేయించడానికి అయ్యే ఖర్చుకి, కొన్న ధరకి పెద్ద తేడా ఉండదు.

ఇంకో సంగతి. కరోనా రోజుల్లో విమానాలు ఆగిపోయి అమెరికాలో అందరూ ఈ బండ్ల మీద పడ్డారు. 2021 ఒక్క ఏడాదిలోనే అక్కడి కంపెనీలు ఆరు లక్షలకు పైగా బండ్లు పంపించాయి, అంతకుముందు ఎప్పుడూ లేనంత. అందులో చాలా భాగం ఇండియానా రాష్ట్రంలో ఎల్క్‌హార్ట్ అనే ఊరి చుట్టుపక్కల తయారైనవే. అంత హడావిడిలో కట్టిన వస్తువుని కాస్త అనుమానంగా చూడటంలో తప్పులేదు. ఇప్పుడు సెకండ్‌హ్యాండ్‌లో కనిపించే వాటిలో ఆ ఏళ్లవీ ఉంటాయి. తయారైన ఏడాది అడగండి.

గట్టిగా కట్టడం చేతకాక కాదు. వాలీ బయమ్ అనే ఆయన 1936లోనే విమానంలా అల్యూమినియం రేకులకి రివెట్లు కొట్టి ఎయిర్‌స్ట్రీమ్ క్లిప్పర్ చేశాడు. 1969లో చంద్రుడి మీద నుంచి వచ్చిన ముగ్గురు వ్యోమగాముల్ని క్వారంటైన్‌లో ఉంచింది ఎయిర్‌స్ట్రీమ్‌ని మార్చి చేసిన గదిలోనే. కెనడాలో 1968లో మొదలైన బోలర్ ఇంకో రకం. పైభాగం, కింది భాగం రెండు ఫైబర్‌గ్లాస్ పెంకులుగా పోతపోసి నడుం దగ్గర కలిపేస్తారు. మన కజ్జికాయలాగే, అతుకల్లా ఆ అంచు ఒక్కటే. కారడానికి కంతలు తక్కువ. ఆ తీరువి చిన్నగా ఉంటాయి, నలుగురికి ఇరుకే. నన్నడిగితే పెద్ద మెరుపు వంటింటి కంటే అలాంటి చిన్న పెంకు బండి మేలు. వంట ఎలాగూ బయటే చేస్తాం. పోపు పెడితే ఆ మూసిన డబ్బాలో మిరపఘాటుకి ఎవరు ఉండగలరు?

దారి గురించి చెప్పకపోతే ఇదంతా సగమే. మస్కట్ నుంచి సలాలా దాదాపు వెయ్యి కిలోమీటర్లు. నిజ్వా, ఆదం, హైమా, తుమ్రైత్. ఆదం దాటాక ఎడారి, ఎదురుగా లారీలు, పక్కనుంచి గాలి. తమాషా ఏమిటంటే, చల్లటి చోటికి వెళ్లడానికి ఈ దేశంలో అన్నిటికంటే వేడి దారిని, అన్నిటికంటే వేడి నెలల్లో దాటాలి. ఈ దేశం వేడి గురించి ఒక్క లెక్క చెబుతాను. 2018 జూన్ 26న మన పక్కనే ఉన్న కురియాత్‌లో రాత్రంతా కలిపి ఉష్ణోగ్రత 42.6 డిగ్రీల కిందికి దిగలేదు. గాలే అలా ఉంటే పగటి తారు మీద, బరువు మించి, నాలుగేళ్లు ఎండలో నిలబడి ఉన్న టైరు గతేమిటి? టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని. అరగకపోయినా వయసు చూడండి. నిలిపి ఉంచిన బండి టైరు అరగదు, ఎండిపోతుంది. అమెరికా ట్రైలర్ టైర్లలో చాలావాటికి, ముఖ్యంగా కాస్త పాతవాటికి, గంటకి 105 కిలోమీటర్లే పరిమితి. మన మగవాళ్లు 120లో పోయే అలవాటు మీద ఉంటారు.

మాకు తెలిసిన ఒక కుటుంబానికి హైమా దాటాక ట్రైలర్ టైరు పేలింది. ఆ రబ్బరు ముక్కలు కొరడాలా కొట్టి కింది నేలని చీల్చి గ్యాస్ గొట్టాన్ని వంచేశాయి. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ పది నెలల బిడ్డతో ఆ ఎండలో నాలుగు గంటలు నిలబడ్డారు. తర్వాత తూస్తే బండి 300 కిలోలు ఎక్కువ ఉందట.

ఎంత బరువు అన్నదే కాదు, ఎక్కడ బరువు అన్నది కూడా ముఖ్యం. ఎడ్లబండి ఎరిగినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. ముందు బరువైతే కాడి ఎద్దుల మెడల మీద కూర్చుంటుంది. వెనక బరువైతే కాడి పైకి లేచి మెడ కింది పట్టెడ గొంతుకి పట్టేస్తుంది. మా తాతయ్య వడ్ల బస్తాలు వేయించేటప్పుడు నొగ పట్టుకుని ఎత్తి చూసి, "ఇంకొకటి ముందుకి జరపండి" అనేవాడు. ట్రైలర్‌కీ అదే సూత్రం. అమెరికా పద్ధతిలో మొత్తం బరువులో నూటికి 10 నుంచి 15 పాళ్లు కారు కొక్కెం మీద పడాలి. 2000 కిలోల బండికి కనీసం 200. ఈ 200 మళ్లీ కారు మోయగల బరువులోంచే పోతుంది, కారులో మనం అయిదుగురం, సామాను కాక. వెనక బరువైతే ట్రైలర్ పాములా తోక ఊపడం మొదలుపెడుతుంది. లారీ పక్కనుంచి దూసుకుపోయినప్పుడు ఆ ఊపు పెరిగి కారునే ఈడ్చేస్తుంది. అప్పుడు కారు బ్రేకు గట్టిగా తొక్కకూడదు, స్టీరింగ్ అటూఇటూ తిప్పకూడదు. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసి, ట్రైలర్ బ్రేకు విడిగా ఉంటే అది మెల్లగా వేయాలి. డ్రైవింగ్ చేసేది ఎవరైనా పక్కన కూర్చునే మనకీ ఇది తెలిసి ఉండాలి.

ఇప్పుడు చాలా మోడళ్లలో వంటిల్లు వెనక చివర పెడుతున్నారు. తలుపు ఎత్తితే బయట నుంచే వంట, ఫొటోలో భలే ఉంటుంది. అందులో మన బియ్యం, పప్పులు, నూనె డబ్బా, కుక్కర్లు పెట్టి, వెనక బంపరుకి సైకిళ్లు కట్టామా, నొగ పైకి లేచినట్టే. బరువైనవి ఇరుసుల మీద, నేలకి దగ్గరగా పెట్టాలి. పై అలమరాల్లో చిప్స్ ప్యాకెట్లు, దుప్పట్లు చాలు.

బ్రేకుల సంగతి విడిగా అడగండి. యూరప్ కారవాన్లకి కారు ఆగగానే వెనక నుంచి తోసే బలంతో వాటంతట అవే బ్రేకులు పడతాయి. అమెరికావాటికి కరెంటు బ్రేకులు. కారులో దానికి కంట్రోలర్ పెట్టించకపోతే ట్రైలర్‌కి మామూలు బ్రేకు లేనట్టే. తుమ్రైత్ దాటి సలాలాకి కొండ దిగేటప్పుడు ఎదుటి కారు లైటు కూడా కనపడని పొగమంచులో రెండు టన్నులు వెనక నుంచి తోస్తుంటే ఊహించుకోండి. అలాగే అమెరికా బండి ఏసీ 120 వోల్టులది, మనది 240. ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, దాని బరువు మళ్లీ లెక్కలో వేసుకోవాలి. బ్రిటిష్ కారవాన్‌కి తలుపు ఎడమవైపు ఉంటుంది, అంటే ఇక్కడ రోడ్డు పక్కన ఆపితే పిల్లలు వాహనాలు వచ్చేవైపు దిగుతారు.

మేం చూసిన బండి కొనలేదు. కిటికీ కింద గోడని బొటనవేలితో నొక్కితే లోపలికి దిగింది. మంచం కింద అర తీసి చూస్తే తడిసిన గోనెసంచి వాసన. మా వదినగారు ముక్కు మూసుకుని, "రంగు కొత్తగా వేశారు చూడండి" అంది. ఈసారి సలాలాలో ఫ్లాట్ మూడు రోజులకి మాట్లాడుకున్నాం. నవంబరులో చల్లబడ్డాక రాస్ అల్ హద్ వైపు వెళ్లడానికి ఒక చిన్న పెంకు బండి అద్దెకి దొరుకుతుందేమో చూస్తున్నాం.

కొనాలని గట్టిగా అనుకున్నవాళ్లు అడ్వాన్సు ఇచ్చేముందు ఖాళీ బండిని, ప్రయాణం రోజు సామానంతా సర్దాక నిండు బండిని ఇండస్ట్రియల్ ఏరియాలో లారీలు తూచే కాటా మీదికి ఎక్కించండి. నిండుగా ఉన్నప్పుడు మొదట ట్రైలర్ తగిలించకుండా మీ అందరితో కారుని ఒక్కదాన్నే తూచండి. తర్వాత తగిలించి, కారు చక్రాలు మాత్రమే కాటా మీద ఉండేలా ఇంకోసారి. ఈ రెండింటికీ తేడాయే కొక్కెం మీద పడే బరువు. చివరికి కారుని విప్పేసి ట్రైలర్ ఒక్కటే. వాళ్లు ఇచ్చే రసీదుని పసుపు స్టిక్కరు పక్కన పెట్టి చూసుకోండి.