తిమ్మిర్లు, కంటి మసక, నడకలో తూలు.. ఇది ఎంఎస్ జబ్బేనా? కొత్త రూల్స్ వచ్చినా మన దగ్గర ఆలస్యం ఎక్కడ?

కాలు తిమ్మిరెక్కింది. నాలుగు రోజులైనా వదల్లేదు. రాత్రి పడుకుని ఫోన్‌లో వెతికితే కాసేపటికే కనిపించే పేరు.. మల్టిపుల్ స్క్లెరోసిస్. షార్ట్‌గా ఎంఎస్. ఇక నిద్ర ఎక్కడిది? వీడియో తర్వాత వీడియో. వీల్‌చైర్ ఫొటోలు. తెల్లారేసరికి తిమ్మిరి రెండో కాలికీ వచ్చినట్టే అనిపిస్తుంది!

ఇది ఒక వైపు. రెండో వైపు సీన్ దీనికి పూర్తిగా రివర్స్. నిజంగానే ఎంఎస్ మొదలైన అమ్మాయిని "రక్తం తక్కువుంది, టెన్షన్ ఎక్కువైంది, టైంకి తిను" అని చెప్పి ఇంటికి పంపేస్తారు. 2018లో తనకు ఎంఎస్ ఉందని బయటపెట్టిన హాలీవుడ్ నటి సెల్మా బ్లెయిర్ కూడా ఇదే చెప్పారు. ఏళ్ల ముందు నుంచే లక్షణాలున్నా ఎవరూ సీరియస్‌గా తీసుకోలేదని. అక్కడే అలా ఉంటే, మన ఊళ్ల సంగతి చెప్పాలా?

ఇప్పుడీ టాపిక్ ఎందుకంటే.. ఎంఎస్‌ను నిర్ధారించడానికి ప్రపంచమంతా న్యూరాలజిస్టులు వాడే మెక్‌డొనాల్డ్ క్రైటీరియా మారింది. 2001లో మొదలైన ఈ రూల్స్‌కు 2024లో సవరణ చేశారు. 2025లో లాన్సెట్ న్యూరాలజీ పత్రికలో అచ్చయింది. లక్ష్యం ఒక్కటే.. జబ్బును తొందరగా, తప్పు లేకుండా పట్టుకోవడం.

అసలేంటీ జబ్బు? మన ఒంట్లోని రక్షణ వ్యవస్థే పొరపాటున మన నరాల మీద దాడి చేస్తుంది. కరెంటు తీగ మీద ప్లాస్టిక్ తొడుగు ఉన్నట్టే నరాల మీద మైలిన్ అనే పొర ఉంటుంది. మెదడులో, వెన్నుపాములో, కంటి నరంలో ఆ పొర అక్కడక్కడా ఊడిపోతుంది. ఎక్కడ ఊడితే అక్కడి పని దెబ్బతింటుంది. అందుకే ఒకరికి కన్ను, ఇంకొకరికి కాలు, మరొకరికి మూత్రం ఆపుకోలేకపోవడం. ప్రపంచవ్యాప్తంగా 28 లక్షల మందికి పైగా ఈ జబ్బుతో బతుకుతున్నారని 2020 నాటి లెక్క. ఎక్కువగా 20 నుంచి 40 ఏళ్ల మధ్య మొదలవుతుంది. మగవాళ్లతో పోలిస్తే ఆడవాళ్లలో కనీసం రెండింతలు. సమంతకు వచ్చిందని 2022లో అందరం విన్న మయోసైటిస్ వేరు, ఇది వేరు. అది కండరాల జబ్బు.

మరి మామూలు తిమ్మిరికీ దీనికీ తేడా ఎలా తెలుస్తుంది? ఇక్కడ ఫోన్ చెప్పని పాయింట్ ఒకటుంది. లక్షణం పేరు కాదు, దాని టైమింగ్ చూడాలి. ఎంఎస్ దాడి సాధారణంగా గంటలు, రోజుల మీద మెల్లగా పెరుగుతుంది. కనీసం 24 గంటలు, చాలాసార్లు వారాల పాటు ఉంటుంది. తర్వాత మెల్లగా తగ్గుతుంది. అర నిమిషం చేయి జివ్వుమని పోవడం, రోజుకో చోట సూదులు గుచ్చినట్టు తిరగడం, కనురెప్ప అదరడం.. ఇవి మాత్రమే ఉంటే ఎంఎస్ అనుకోవడానికి బలం తక్కువ. క్షణాల్లో మూతి వంకర పోయి, మాట పడిపోతే మాత్రం ఎంఎస్ గురించి ఆలోచిస్తూ కూర్చోకూడదు. అది పక్షవాతం కావచ్చు. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు నాలుగున్నర గంటలే టైం. రెండు కాళ్లూ రోజురోజుకీ పడిపోతూ బలహీనత పైకి పాకుతుంటే గులియన్ బారీ సిండ్రోమ్ కావచ్చు. 2025 జనవరిలో పుణెను వణికించింది అదే. దానికీ వెంటనే ఆస్పత్రికే వెళ్లాలి.

అనుమానించాల్సినవి కొన్ని ఉన్నాయి. ఒక కన్ను రెండు మూడు రోజుల్లో మసకబారడం, కన్ను తిప్పితే నొప్పి, రంగులు వెలిసినట్టు కనిపించడం. ఒక్కో కన్ను మూసి ఎర్రటి గ్యాస్ సిలిండర్ వైపు చూస్తే, దెబ్బతిన్న కంటికి ఆ ఎరుపు పాలిపోయినట్టు ఉంటుంది. మెడ వంచితే వెన్నులోంచి కరెంటు షాక్ కొట్టినట్టు జిల్లుమనడం ఇంకొకటి. నడుము నుంచి కింద మొద్దుబారడం, ఒకటి రెండుగా కనిపించడం కూడా. ఎండకు, వేడినీళ్ల స్నానానికి పాత లక్షణాలు తిరగబెట్టడాన్ని జర్మన్ కంటి డాక్టర్ ఉట్‌హాఫ్ పేరుతోనే పిలుస్తారు. మన రామగుండం ఎండల్లో అదెలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. కాకపోతే అది కొత్త దాడి కాదు. ఒళ్లు చల్లబడితే తగ్గిపోతుంది.

ఇంతకీ కొత్త రూల్స్‌లో ఏం మారింది? ఇదివరకు జబ్బు మెదడు, వెన్నుపాముల్లో ఒకటి కంటే ఎక్కువ చోట్ల ఉందని, వేర్వేరు టైముల్లో వచ్చిందని చూపించాలి. ఇప్పుడు కంటి నరాన్నీ ఒక చోటుగా లెక్కలోకి తెచ్చారు. తగినన్ని ఆధారాలుంటే రెండో దాడి కోసం ఎదురుచూడక్కర్లేదు. ఎంఆర్‌ఐలో కనిపించే మచ్చ మధ్యలోంచి సన్నటి సిర వెళ్తోందా అని చూస్తారు. వెళ్తుంటే ఎంఎస్‌కు బలం పెరుగుతుంది. వెన్నులో నీరు తీసి చేసే పరీక్షల్లోనూ కొత్తది చేరింది. 50 దాటినవాళ్లకు, బీపీ షుగర్ ఉన్నవాళ్లకు మాత్రం ఇంకాస్త గట్టి ఆధారం కావాలన్నారు. ఎందుకంటే వాళ్ల మెదడులో తెల్ల మచ్చలు మామూలుగానే ఉంటాయి. మైగ్రేన్ ఉన్నవాళ్లకూ ఉంటాయి.

ఈ మచ్చల దగ్గరే మనవాళ్లు బోల్తా పడుతున్నారు. డాక్టర్‌ను కలవకముందే డయాగ్నస్టిక్ సెంటర్‌కు వెళ్లి ఎంఆర్‌ఐ తీయించుకోవడం, రిపోర్టులో "డీమైలినేషన్ కావచ్చు" అన్న మాట చూసి ఇల్లంతా గొల్లుమనడం. అదే కాగితం కింద "క్లినికల్‌గా పోల్చి చూడండి" అని కూడా ఉంటుంది. ఆ లైన్ ఎవరూ చదవరు! అమెరికాలో, లాస్ ఏంజెలెస్‌లోని రెండు పెద్ద సెంటర్లకు ఎంఎస్ అని చెప్పి పంపిన 241 మందిని పరిశీలిస్తే 43 మందికి అసలు ఎంఎస్సే లేదు. 2019లో వచ్చిన స్టడీ ఇది. వాళ్లలో కొందరిది మైగ్రేన్. ఎక్కువమంది అప్పటికే ఎంఎస్ మందులు వాడేస్తున్నారు.

మన దగ్గర ఎంఎస్ వేషం వేసుకొచ్చే వాటిలో రెండు ముఖ్యం. మొదటిది బీ12 లోపం. శాకాహారులు, ఏళ్ల తరబడి షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వేసుకునేవాళ్లు, పొద్దున్నే పరగడుపున గ్యాస్ ట్యాబ్లెట్ అలవాటైనవాళ్లు.. వీళ్లకు పాదాల్లో తిమ్మిర్లు, నడకలో తూలు వస్తే ముందు చూడాల్సింది ఇదే. చిన్న రక్తపరీక్ష చాలు. ఒక మెలిక ఉంది. ఆర్‌ఎంపీ దగ్గర బలానికని బీ కాంప్లెక్స్ ఇంజెక్షన్లు వేయించుకుని, ఆ తర్వాత పరీక్షకు వెళ్తే బీ12 బ్రహ్మాండంగా ఉన్నట్టు వస్తుంది. ముందు రక్తం ఇచ్చి, తర్వాత సూది వేయించుకోవాలి.

రెండోది ఎన్ఎంఓ. కంటి నరాన్ని, వెన్నుపామును తీవ్రంగా దెబ్బతీసే జబ్బు. చూడటానికి ఎంఎస్ లాగే ఉంటుంది కానీ కారణం వేరు, మందులు వేరు. దీన్ని పట్టించే యాంటీబాడీని 2004లో కనిపెట్టారు. ఎంఎస్ అనుకుని ఇంటర్‌ఫెరాన్ లాంటి మందు ఇస్తే ఈ జబ్బు ముదిరే ప్రమాదం ఉంది. అందుకే రెండు కళ్లూ ఒకేసారి దెబ్బతిన్నా, వెన్నుపాములో పొడవాటి మచ్చ కనిపించినా, ఆ యాంటీబాడీ టెస్ట్ చేశారా అని అడగడంలో తప్పులేదు.

ఇక అసలు ప్రశ్న.. ఆలస్యం ఎక్కడ? నా లెక్కలో అది రూల్స్‌లో లేదు, ఎంఆర్‌ఐ మెషీన్‌లోనూ లేదు. మొదటి దాడి ఎవరి లెక్కలోకీ రాకుండా పోవడంలో ఉంది. మంచిర్యాల దగ్గర పల్లెలో ఒక డిగ్రీ అమ్మాయి అనుకుందాం. కన్ను మసకేసింది. కళ్లద్దాల షాపులో పవర్ చెక్ చేశారు. తగ్గలేదు. ఆర్‌ఎంపీ మూడు రోజులు ఇంజెక్షన్లు, ఒక సెలైన్ పెట్టాడు. అందులో స్టెరాయిడ్ ఉందో లేదో అమ్మాయికి తెలీదు, చీటీ కూడా లేదు. నాలుగు వారాల్లో చూపు తిరిగొచ్చింది. ఇంజెక్షన్ పనిచేసిందని ఊరంతా నమ్మింది. నిజానికి ఆ దాడి చాలాసార్లు దానంతటదే తగ్గుతుంది! రెండేళ్ల తర్వాత కాలు మొద్దుబారి హైదరాబాద్ నిమ్స్‌కు వెళ్తే, డాక్టర్ అడిగే మొదటి ప్రశ్న "ఇంతకుముందు ఎప్పుడైనా ఇలా అయిందా?". కాలికీ కంటికీ సంబంధం ఏముందనుకుని అమ్మాయి లేదంటుంది.

ఆ "లేదు" ఖరీదు చాలా ఎక్కువ. కంటి నరం వాపు వచ్చినవాళ్లను 15 ఏళ్లు గమనించిన అమెరికా ట్రయల్‌లో, మొదట్లోనే మెదడులో ఒక్క మచ్చైనా ఉన్నవాళ్లలో 72 శాతం మందికి ఎంఎస్ వచ్చింది. మచ్చ లేనివాళ్లలో 25 శాతమే. అంటే మొదటిసారే చూసుంటే దారి చాలావరకు తెలిసేది. ఎంఎస్ మందులు దాడులను తగ్గిస్తాయి, పోయిన నరాన్ని మాత్రం వెనక్కి తేలేవు. అదే ట్రయల్‌లో, మామూలు డోసు స్టెరాయిడ్ మాత్రలు మాత్రమే వాడినవాళ్లకు కంటి జబ్బు తిరగబెట్టడం ఎక్కువైందని కూడా తేలింది. మెడికల్ షాపులో చెప్పి తెచ్చుకునే మాత్రల సంగతి అందుకే ఇంత గట్టిగా చెప్పాల్సి వస్తోంది.

కాబట్టి అనుమానం ఉన్నవాళ్లు రాత్రంతా వెతికే బదులు ఓ కాగితం తీసుకుంటే మేలు. ఏ తేదీన మొదలైంది, ఒక వైపా రెండు వైపులా, ఎన్ని రోజులుంది, ఏ ఇంజెక్షన్ వేశారు. పాత కంటి చీటీలు, ఎంఆర్‌ఐ ఫిల్మ్, సీడీ. రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు, న్యూరాలజిస్టులు బొమ్మ చూడాలంటారు. నిమ్స్‌తో పాటు ఉస్మానియా, గాంధీ, విశాఖ కేజీహెచ్, గుంటూరు జీజీహెచ్‌లలో న్యూరాలజీ విభాగాలున్నాయి. సుత్తితో మోకాలు కొట్టి, అరికాలు గీకి, కంట్లోకి లైట్ వేసి చూసే పరీక్ష జరగకుండా ఎంఎస్ అని గానీ, కాదని గానీ ఎవరైనా తేల్చేస్తే ఇంకో డాక్టర్‌ను కలవండి.

ఈ కాగితాలకు ఇంకో ఉపయోగం కూడా ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో గుర్తించిన 21 వైకల్యాల్లో మల్టిపుల్ స్క్లెరోసిస్ పేరు ఉంది. చట్టం కింద రిజర్వేషన్ లాంటి ప్రయోజనాలకు 40 శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ కావాలి. కానీ ఈ జబ్బు రోజుకోలా ఉంటుంది. నిన్న మంచం దిగలేని మనిషి సదరం క్యాంపు రోజున నడుచుకుంటూ రావొచ్చు. అప్పుడు బోర్డు ముందు పెట్టడానికి తేదీలతో ఉన్న పాత డిశ్చార్జ్ సమ్మరీలు, స్కాన్‌లే మిగులుతాయి.