బుల్లెట్ లూప్ తీసుకోండి, కానీ మా బాబాయ్ ప్రశ్న కూడా వినండి

మొన్న రాత్రి బీజీఎంఐలో పొచింకిలో దిగాం. మొదటి ఇంట్లోనే ఎస్1897 దొరికింది. పక్క గదిలో బుల్లెట్ లూప్ పడి ఉంది. నేను దాని వైపు వెళ్తుంటే స్క్వాడ్‌లో ఒకడు మైక్‌లో "చెత్త అటాచ్‌మెంట్ మామా, వదిలెయ్" అన్నాడు. ప్రతి మ్యాచ్‌లో ఎవరో ఒకరు ఈ మాట అంటూనే ఉంటారు. నేను మాత్రం షాట్‌గన్ పట్టుకుంటే లూప్ వదలను. అదనపు తూటాలు ఉండాల్సింది తుపాకీ మీదే అని నా గట్టి నమ్మకం.

ఈమధ్య విజయనగరం వెళ్లి మా బాబాయ్‌తో ఓ గంట మాట్లాడాక ఆ నమ్మకం సగం కదిలింది. ఏ సగమో చెప్తాను.

ముందు గేమ్ సంగతి

ఎస్1897లో పట్టేవి 5 తూటాలు. ఎం416 లాగా ఖాళీ మ్యాగజైన్ తీసి నిండుది పెట్టేయడం ఇందులో కుదరదు. బ్యారెల్ కింద ఒక గొట్టం ఉంటుంది, తూటాలు అందులోకి ఒక్కొక్కటిగా తోయాలి. 5 కాల్చేసి, మళ్లీ 5 ఎక్కించే లోపు మెట్ల మీద ఉన్నవాడు మనల్ని క్రేట్ చేసేస్తాడు. బుల్లెట్ లూప్ ఆ ఎక్కించే టైమ్‌ని తగ్గిస్తుంది. అంతే దాని పని.

చాలామంది పట్టించుకోని విషయం ఇక్కడే ఉంది. బ్యాగులో 40 తూటాలు ఉన్నా, గొట్టంలో 2 ఉంటే ఆ మెట్ల మీద మీ దగ్గరున్నవి 2 మాత్రమే. పంప్ యాక్షన్ ఆడే పద్ధతి ఒకటే: ఒకటి కాల్చావా, సందు దొరగ్గానే ఒకటి ఎక్కించు. ఖాళీ అయ్యేదాకా ఆగకు. ఆ అలవాటు ఉన్నవాడికి లూప్ బంగారం. లేనివాడికి ఏ అటాచ్‌మెంట్ ఇచ్చినా ఒకటే.

అసలు తుపాకీ మీద ఎలా ఉంటుంది

గేమ్‌లోని ఎస్1897కి మూలం వించెస్టర్ మోడల్ 1897. జాన్ బ్రౌనింగ్ డిజైన్. 1957 దాకా తయారైంది. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికులు దీన్ని కందకాల్లో వాడారు. 1918లో జర్మనీ దీని మీద అధికారికంగా అభ్యంతరం చెప్పింది. ఇప్పుడొచ్చే పంప్ యాక్షన్లలో కూడా లోడింగ్ ఎక్కువగా అదే పద్ధతి: కింద నుంచి, ఒక్కొక్కటిగా.

అందుకే అదనపు తూటాల్ని తుపాకీకే తగిలించే ఏర్పాట్లు వచ్చాయి. రెండు రకాలు ఎక్కువ కనిపిస్తాయి. ఒకటి సైడ్ శాడిల్: తుపాకీ బాడీకి ఎడమ పక్కన బిగించే పట్టీ, మామూలుగా 4 నుంచి 6 తూటాలు పడతాయి. రెండోది వెనక కర్ర భాగానికి తొడిగే ఎలాస్టిక్ తొడుగు. లాభం సింపుల్. బెల్టు, బ్యాగు వెతుక్కోనక్కర్లేదు. తుపాకీ చేతికొస్తే తూటాలూ వచ్చినట్టే.

నష్టాలు రివ్యూ వీడియోల్లో తక్కువ చెప్తారు. మొదటిది బరువు. ఒక 12 బోర్ తూటా సుమారు 45–50 గ్రాములు. ఆరు పెడితే 300 గ్రాములకు దగ్గర. మన ఫోన్ 200 గ్రాములు దాటితేనే "ఇటుకలా ఉంది" అని రాస్తాం కదా, ఆ ఇటుకన్నర బరువు తుపాకీకి ఒకే పక్కన వేలాడుతుంది. రెండోది బిగింపు. కొన్ని మోడళ్లలో సైడ్ శాడిల్ స్క్రూలు మరీ గట్టిగా బిగిస్తే లోపల కదిలే భాగం పట్టేస్తుంది. మూడోది వయసు. ఎలాస్టిక్ సాగిపోతే తూటా తనంతట తనే జారిపోతుంది. తోలు పట్టీల్లో చాలాకాలం ఉంచితే ఇత్తడి అడుగుకి పచ్చగా చిలుం పడుతుంది. కళింగపట్నం, భావనపాడు వైపు ఉప్పుగాలి తగిలే ఊళ్లలో ఇత్తడి గతి ఏంటో ఇంట్లో పాత చెంబు చూసినా తెలుస్తుంది.

ఇవన్నీ తెలిసినా నా ఓటు తుపాకీ మీదకే ఉండేది. బాబాయ్‌ని కలిసేదాకా.

బాబాయ్ అడిగింది

మా బాబాయ్ ఆర్మీలో చేసి రిటైరయ్యాడు. ఇప్పుడు ఏటీఎంలకు డబ్బు తీసుకెళ్లే క్యాష్ వ్యాన్ మీద గార్డు. చేతిలో 12 బోర్ పంప్ యాక్షన్, నడుముకి తూటాల బెల్టు. ఈ వ్యాన్లకు కేంద్రం 2018లో రూల్స్ పెట్టింది: వ్యాన్‌కి ఇద్దరు సాయుధ గార్డులు ఉండాలి, ఒక ట్రిప్పులో 5 కోట్లకు మించి తీసుకెళ్లకూడదు. అంటే ఆ ఇద్దరి వెనక కోట్లు ఉండొచ్చు.

సైడ్ శాడిల్ వీడియో ఫోన్‌లో చూపించి, "నీ బెల్టు కంటే ఇది ఫాస్ట్ కదా బాబాయ్" అన్నాను. మొత్తం చూశాడు. చూసి ఒకటే అడిగాడు.

"తుపాకీ మీదే రౌండ్లు పెట్టీసినావు, సరే. ఎవడో తుపాకీ లాగీసినాడనుకో. రౌండ్లు కూడా ఆడికి ఇచ్చీసినట్టే గదరా?"

నా దగ్గర జవాబు లేదు.

కందకంలో సైనికుడికి శత్రువు ఎదురుగా ఉంటాడు. శ్రీకాకుళం ఏడురోడ్ల కూడలిలోనో, విజయనగరం గంటస్తంభం దగ్గరో ఏటీఎం ముందు నిల్చున్న గార్డుకి చుట్టూ జనం. భుజాలు రాసుకుంటూ పోతారు. అక్కడ రీలోడ్ స్పీడ్ కంటే పెద్ద భయం తుపాకీ చేయి జారడం. గొట్టంలో ఉన్నవి ఎలాగూ తుపాకీతోనే పోతాయి. మిగతావైనా తన ఒంటి మీద ఉండాలన్నది బాబాయ్ లెక్క. తొమ్మిదేళ్ల డ్యూటీలో ఆయన ఒక్క రౌండూ కాల్చలేదు. కానీ రోజూ ఉదయం, సాయంత్రం రౌండ్లు లెక్కపెట్టి పుస్తకంలో సంతకం పెడతాడు. ఆయన ఉద్యోగంలో తూటాతో రోజూ ఉండే పని అదే.

ఈ ఆర్టికల్‌కి ఫొటో ఎందుకు లేదంటే

నిజమైన తూటా పక్కన ఫోన్ పెట్టి ఫొటో తీస్తే బాగుంటుందనిపించింది. "ఒక్కటి ఇయ్యి బాబాయ్, రేపు తెచ్చిస్తా" అన్నాను. నవ్వుతాడనుకున్నా. నవ్వలేదు.

"నీ ఫొటోకి లైకులొస్తాయి, నా లెక్కలో ఒకటి తగ్గుతాది. సాయంత్రం పుస్తకంలో నానేటి రాయాల?"

పోయేది ఆయన ఉద్యోగం ఒక్కటే కాదని తర్వాత చదువుకుంటే తెలిసింది. 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 3 ప్రకారం తుపాకీకే కాదు, తూటాకీ లైసెన్స్ కావాలి. నా జేబులో ఆ ఒక్కటి ఉన్నా నేను దొరికితే సమాధానం చెప్పుకోవాల్సిందే. విమానాశ్రయంలో ఎవరి బ్యాగులోనో ఒక్క తూటా దొరికి కేసయిందన్న వార్తలు అప్పుడప్పుడూ వస్తూనే ఉంటాయి. రీల్స్ కోసం, కీచైన్ కోసం ఎవరైనా "అసలైనదే బ్రో" అని చేతిలో పెడితే దయచేసి తీసుకోకండి. ఉద్యోగానికి హైదరాబాద్, బెంగళూరు ఫ్లైట్ ఎక్కే వయసులో ఉన్నాం. స్కానర్ ముందు "ఫొటో కోసం సార్" అంటే ఎవరూ వినరు.

నా తీర్పు

గేమ్‌లో నా మాట మారలేదు. షాట్‌గన్ పట్టుకుంటే బుల్లెట్ లూప్ తీసుకోండి, ట్యూబ్ ఎప్పుడూ నిండుగా ఉంచుకోండి.

బయట మాత్రం సైడ్ శాడిల్‌కి నేనిక ఒకే రేటింగ్ ఇవ్వలేను. తాళం వేసిన చోట ఉండి, అవసరమైనప్పుడు ఒక్క చేత్తో అందుకునే తుపాకీకి అది మంచి ఏర్పాటు. జనంలో నిల్చునే గార్డుకి పాత బెల్టే మేలు. "ఎన్ని పడతాయి, ఎంత ఫాస్ట్" అని చూసే మనం "తుపాకీ వేరేవాడి చేతికి పోతే ఏమవుతుంది" అని కూడా చూడాలి. ఆ కాలమ్ నా రివ్యూల్లో ఇన్నాళ్లూ లేదు.

ఇంకో తేడా కూడా ఉంది. గేమ్‌లో తూటాలు ఇంటింటా నేల మీద దొరుకుతాయి, అయిపోతే పక్కింటికి వెళ్తాం. బాబాయ్‌కి మాత్రం ఉదయం ఎన్ని తీసుకున్నాడో సాయంత్రం అన్నీ లెక్క తేలాలి. తేలిన రోజే ఆయనకి డ్యూటీ అయినట్టు.